ప్రమాణం చేశాక ఏం చేయాలి? – కుటుంబ కౌన్సెలింగ్ మొదలుపెట్టే వారికి

(కాణిపాకంలో రోగుల కుటుంబీకులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీరంతా ఇంట్లో ఎవరో ఒకరి జబ్బు చూపించడానికి ఆసుపత్రికి వచ్చినవారే. మామగారికి షుగరు, కోడలికి మాటిమాటికీ కళ్ళు తిరగడం, భర్తకు తాగుడు వల్ల కాలేయం చెడడం. మేము బి.పి. చూస్తాం, రక్తపరీక్ష చేయిస్తాం, మాత్రలు ఇస్తాం. అయితే కొన్ని ఇళ్ళలో భార్యాభర్తలు నెలల తరబడి మాట్లాడుకోరు. అత్తాకోడళ్ళ మధ్య పిల్లలు నలిగిపోతుంటారు. అలాంటి ఇంట్లో వేళకు మాత్రలు ఎవరు గుర్తుచేస్తారు? పథ్యం ఎవరు చూస్తారు? ఇంట్లో మాట కుదరకపోతే జబ్బు కూడా కుదురుకోదు. అందుకే ఈ రోజు కుటుంబ కౌన్సెలింగ్ గురించి, దాన్ని ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

కాణిపాకం అంటే ప్రమాణాలకు పేరు. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం చెప్పరాదని నమ్మిక. తాగుడు మానేస్తానని ప్రమాణం చేసేవారు వస్తారు. "నామీద అనుమానమా? పద, కాణిపాకంలో ప్రమాణం చేస్తా" అని పంతం పట్టి వచ్చే ఆలుమగలూ ఉన్నారు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. పదిమందిలో మాట ఇవ్వడానికి గుండె కావాలి. నేను అడిగేది ఒక్కటే. ఇంటికి తిరిగి వెళ్ళాక ఏం జరుగుతుంది? మరునాటి సాయంత్రం ఏడు గంటలకు అదే ఇల్లు, అవే అప్పులు, అవే ఎత్తిపొడుపు మాటలు. ప్రమాణం నిలబడాలంటే ఆ సాయంత్రం మారాలి. ఆ పని నేర్పేదే కౌన్సెలింగ్.

ముందుగా ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఒంటికి ప్రమాదం. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడతాయి. దీన్ని గాలి సోకిందనో, ప్రమాణం తప్పినందుకు శిక్ష అనో అనుకోకండి. ఇది ప్రాణం తీయగల స్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మానాలని నిర్ణయించుకున్నవారు ఆ రోజే డాక్టరుకు చూపించుకుంటే వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు ఇస్తారు.

కౌన్సెలింగ్ అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ చెబుతాను. భర్త బెంగళూరులో పని చేస్తూ పదిహేను రోజులకు ఒకసారి ఇంటికి వస్తాడు. రాగానే తాగుతాడు. భార్య కేకలు వేస్తుంది. "ఇది అరుస్తుంది కాబట్టే తాగుతున్నా" అంటాడు ఆయన. "తాగుతాడు కాబట్టే అరుస్తున్నా" అంటుంది ఆమె. అత్తగారు కొడుకు పక్షం చేరుతుంది. పిల్లవాడు బడికి పోనని ఏడుస్తాడు. గానుగెద్దులాగా అందరూ అదే చుట్టు తిరుగుతుంటారు.

పెద్దమనుషుల పంచాయితీలో ఎవరిది తప్పో తేలుస్తారు. తేలాక ఓడినవారు కక్షతో ఇంటికి వెళతారు. కౌన్సెలర్ తీర్పు చెప్పరు. ఈ చుట్టు ఎక్కడ మొదలవుతోంది, ఎవరు ఏ చోట కొంచెం మారితే ఆగుతుంది అని చూస్తారు. తాగుడుకు మాత్రం బాధ్యత తాగేవారిదే. భార్య అరవడం మానితే భర్త తాగుడు దానంతట అదే పోతుందని ఎవరూ అనుకోవద్దు.

ఇదంతా విదేశాల పద్ధతి అనుకోకండి. 1950 దశకంలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోబాటు వారి కుటుంబాలను ఉంచారు. మనకు పక్కనే వేలూరు సి.ఎం.సి. వారు బాగాయంలో 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం ప్రారంభించారు. అక్కడ కూడా రోగితో ఇంటివారు ఉండి చికిత్సలో పాలుపంచుకుంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాల చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఇంటివారు లేకుండా చికిత్స సగమే అని మన దేశపు డాక్టర్లే గుర్తించారు.

మొదటి రోజు ఏం జరుగుతుంది?

సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట మాట్లాడతారు. పెళ్ళి ఎప్పుడైంది, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, కష్టం ఎప్పటి నుంచి, ఇంతవరకు ఏమేం చేసి చూశారు అని అడుగుతారు. కొందరు ఇంటివారి పేర్లతో ఒక వంశవృక్షం గీస్తారు. ఇద్దరినీ కలిపి, తరువాత విడివిడిగా కూర్చోబెట్టవచ్చు. చివర "ఏం మారితే మీకు బాగుంటుంది?" అని అడుగుతారు. "ఆయన మారాలి" అనే జవాబు సరిపోదు. "రాత్రి భోజనం గొడవ లేకుండా జరగాలి" లాంటి చిన్న కోరిక చెప్పండి. అది జరిగిందో లేదో వచ్చే వారం మీకే తెలుస్తుంది.

మొదటి రోజే అంతా తేలిపోదు. కొన్నాళ్ళు వారానికో, పదిహేను రోజులకో వెళ్ళాలి. మధ్యలో ఇంటి దగ్గర చేయవలసిన పని కూడా ఇస్తారు. రోజూ పది నిమిషాలు సెల్‌ఫోను పక్కన పెట్టి ఒకరు మాట్లాడడం, మరొకరు అడ్డు చెప్పకుండా వినడం అలాంటిదే. మొదటి ఒకటి రెండుసార్లు మాట్లాడాక మనసు మరింత బరువెక్కవచ్చు. అణచిపెట్టిన మాటలు బయటికి వస్తున్నాయి కదా. అంతమాత్రాన మానేయకండి.

వెళ్ళినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. మీరు ఏం చదివారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు ఉందా?
2. నేను విడిగా చెప్పిన మాట నా భర్తకు గానీ భార్యకు గానీ చెబుతారా?
3. ఎన్నిసార్లు రావాలి? ఎంత ఖర్చవుతుంది?
4. మాత్రలు కూడా అవసరమా? అయితే ఏ డాక్టరును చూడాలి?

మీ సందేహాలు

"పిచ్చివాళ్ళనుకుంటారు సిస్టర్" అంటారు. పిచ్చికీ దీనికీ సంబంధం లేదు. కాలు బెణికితే కట్టు కట్టించుకుంటాం, ఇదీ అంతే.

"ఇంటి గుట్టు బయటపడుతుంది" అంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో మీరు చెప్పిన సంగతులు రహస్యంగా ఉంచాలి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు మాత్రం దాన్ని తప్పించడానికి అవసరమైనంత వరకు చెబుతారు.

"ఆయన రానంటున్నాడు" అంటారు. మీరొక్కరే మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరి తీరు మారినా చుట్టు మునుపటిలా తిరగదు. ఆయనను పిలిచేటప్పుడు "నీకు చికిత్స కావాలి" అనకండి. "నాకు కష్టంగా ఉంది, నాతో ఒక్కసారి రా" అనండి.

ఇద్దరూ కలిసి కూర్చోకూడని సందర్భం

ఇంట్లో కొట్టడం, చంపుతానని బెదిరించడం ఉంటే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం మంచిది కాదు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికి వెళ్ళాక దెబ్బలు తినవలసి వస్తుంది. అక్కా, నీ పరిస్థితి అదే అయితే ఒంటరిగా ఉన్నప్పుడు నర్సుకో డాక్టరుకో చెప్పు. సర్దుకుపొమ్మని ఎవరు చెప్పినా ముందు నీ క్షేమం చూసుకో. 2005 గృహహింస చట్టం నీకు రక్షణ ఇస్తుంది. మహిళలకు 181, అత్యవసరమైతే 112కు ఫోను చేయవచ్చు. ఎవరైనా చనిపోవాలని ఉందని అంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఎక్కడికి వెళ్ళాలి?

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపువారికి వేలూరు బాగాయం దగ్గర. ప్రయాణం కుదరకపోతే 14416కు ఫోను చేయండి. ఇది 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మా వార్డు నర్సులను అడిగినా దారి చూపిస్తారు.

చాలామంది విడాకుల కాగితాలు చేతికి వచ్చాక వస్తారు. పగులు చిన్నగా ఉన్నప్పుడే రండి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి, ఎప్పుడు వెళ్దామో ఇద్దరూ కలిసి ఒక తేదీ అనుకుని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.