చన్నీళ్లలో నానిన ఆకు



వినాయక చవితి పూజలో 21 పత్రులుంటాయి. వాటిలో మొట్టమొదట పలికే పేరు మాచిపత్రిది. చామంతి ఆకులా చీలికలుంటాయి. పైన ముదురాకుపచ్చ, వెనక్కి తిప్పితే బూడిద రాసినట్టు తెల్లని నూగు. వేళ్ల మధ్య నలిపితే ఆ ఘాటు వాసన పూజ ముగిశాక కూడా చేతిని వదలదు. దండల్లో మరువంతో కలిపి కట్టే దవనం దీనికి దగ్గరి చుట్టం. రెండూ ఆర్టిమీసియా ప్రజాతివే.

ఈ చుట్టరికం ఖండాలు దాటింది. ఐరోపావారు చేదుకు మారుపేరైన వర్మ్‌వుడ్‌ను అజీర్తికి, కడుపులో పురుగులకు వాడారు. మధ్య ఆసియాలోని మరో రకం మొగ్గల నుంచి తీసిన శాంటోనిన్ ఏలికపాములకు మందుగా చాలాకాలం నడిచింది.

అన్నిటికంటే పెద్ద కథ చైనాది. వియత్నాం యుద్ధంలో సైనికులను మలేరియా పీడిస్తుంటే, 1967 మే 23న చైనా ప్రభుత్వం మందు కోసం రహస్య పరిశోధన మొదలుపెట్టింది. ఆ తేదీ మీదే దానికి ‘ప్రాజెక్టు 523’ అని పేరు. అందులో చేరిన శాస్త్రవేత్త టూ యూయూ పాత వైద్య గ్రంథాలు తిరగేసి, 640 మందు యోగాలను ఒకచోట చేర్చారు. ఆర్టిమీసియా ప్రజాతికే చెందిన చింగ్‌హావ్ అనే మొక్క ఆశ పుట్టించింది. కానీ ఫలితం ఒకసారి వచ్చేది, మరోసారి వచ్చేది కాదు.

చిక్కు విడిపోయింది నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన పుస్తకంలో. ఆయన ఆకును కాచమనలేదు. గుప్పెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. వేడి తగిలితే మందు గుణం పోతోందేమోనని టూకు తట్టింది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. మనుషుల్లో ప్రమాదం ఉంటుందా అని 1972లో ఆమె, సహచరులు ముందుగా తామే తాగి చూశారు. అలా వచ్చిన ఆర్టిమిసినిన్ మందుకు గాను టూకు 2015లో నోబెల్ దక్కింది.

మలేరియా కథలో మనకూ చోటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని వైద్యుడు రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఇవాళ మన ప్రభుత్వాసుపత్రుల్లో ఫాల్సిపారం రకం మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఆ చైనా ఆకు మందు నుంచి వచ్చిందే.

అలాగని ఆకు కషాయం మాత్రకు బదులు కాదు. ఆకుల్లో మందు శాతం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. చాలీచాలని మోతాదుకు క్రిమి చావదు, పైగా మందుకు మొండికేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కషాయాన్ని సమర్థించదు. చలి జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఈ సభలోని విద్యార్థులకు ఒక్క విన్నపం. ఊళ్లో పెద్దలు ఏదైనా ఆకు గుణం చెబితే పేరు ఒక్కటే రాసుకుని రాకండి. ఎప్పుడు కోస్తారు, చన్నీళ్లా, వేణ్నీళ్లా, ఎంతసేపు నానాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నీ అడిగి రాసుకోండి. రాసుకున్నదాన్ని ప్రయోగశాలకు తీసుకెళ్లండి.