రోడ్డు దుమ్ములో లోహాలు – మన ధాన్యం, మన ఊపిరి
(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వరి కోశాక, మొక్కజొన్న ఒలిచాక, మిరపకాయ ఏరాక మనం పంట ఎక్కడ ఆరబోస్తున్నాం? చాలాచోట్ల రోడ్డు మీదే. అంచున రాళ్లు పేర్చుకుని, పక్కనుంచి లారీలు పోతుంటే ఆరబోస్తున్నాం. రాత్రిపూట ఆ కుప్పలు తగిలి బైకుల మీద పోయేవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అధికారులు కేసులు పెడతామంటున్నారు. ఇది అందరికీ తెలిసిన నష్టం. కంటికి కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

రోడ్డు దుమ్ము అంటే వట్టి మట్టి కాదు. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడు అరిగి రాగి, ఆంటిమొని పొడిగా రాలతాయి. టైరు అరిగితే జింకు వస్తుంది, కొంత కాడ్మియం కూడా ఉంటుంది. ఇంజను పొగలోనూ లోహాలు ఉంటాయి. బండి పోయిన ప్రతిసారీ నేల మీద పడ్డ పొడి మళ్లీ పైకి లేస్తుంది. విద్యుత్ బండికి పొగ ఉండదు గానీ టైర్లు ఉంటాయి, బ్రేకులూ ఉంటాయి.

ఈ పొడిలో బరువైన రేణువులు రోడ్డు అంచు నుంచి కొన్ని పదుల మీటర్లలోనే నేల మీద, ఆకుల మీద పడతాయి. సన్నవి చాలాసేపు గాలిలో తేలి ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా రోడ్డు మీద గింజలు తిరగేసేది, ఊడ్చేది, చెరిగేది ఎక్కువగా మన ఆడవాళ్లే. ఆ దుమ్ము ముందుగా పోయేది వాళ్ల ఊపిరిలోకే.

సీసం సంగతి చూడండి. ఇంజను కొట్టుకోకుండా ఉండాలని 1920లలో అమెరికాలో పెట్రోలులో సీసం కలపడం మొదలుపెట్టారు. అది పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఒంట్లో ఉన్నా ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలైంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది. అందరికంటే చివరగా 2021లో అల్జీరియా మానేసింది. ప్రభుత్వం తలుచుకుంటే విషాన్ని పుట్టేచోటే ఆపగలదని దీనితో తేలిపోయింది. కాలిఫోర్నియా కూడా 2010లో ఒక చట్టం చేసి, 2025 నుంచి అమ్మే బ్రేకు ప్యాడ్లలో రాగి 0.5 శాతం మించకూడదంది.

కానీ సీసం ఆకులా కుళ్లిపోదు. నిన్నమొన్నటిదాకా రోడ్ల పక్కన పడ్డది పైమట్టిలోనే ఉండిపోతుంది.

మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాటలు చెప్పడం లేదు. రోడ్డు పక్కన పండిందల్లా విషం కాదు. ఎంత చేరిందన్నది బండ్ల రద్దీని బట్టి, దూరాన్ని బట్టి, గాలివాటాన్ని బట్టి ఉంటుంది. వడ్లకు పొట్టు కొంత కాపు. మిరపకాయకు ఆ కాపు లేదు, కడగకుండానే కారం పడతారు. ఏ చేనులో ఎంత ఉందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఆ పరీక్షే మనకు లేదు. 2015లో తెచ్చిన భూసార కార్డులో 12 అంశాలు చూస్తారు. జింకు, రాగి పైరుకు చాలుతున్నాయా అని చూస్తారు గానీ సీసం, కాడ్మియం లెక్కే ఉండదు. 2009 నాటి గాలి ప్రమాణాల్లో సీసం, ఆర్సెనిక్, నికెల్ ఉన్నాయి. కాడ్మియం లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణం మాత్రం కిలో ఆకుకూరలో సీసం 0.3 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. రేపు కొనేవాడు ఆ లెక్క చూపి సరుకు వెనక్కి పంపితే నష్టపోయేది ఎవరు? బండి నడిపినవాడు కాదు, రోడ్డు వేసినవాడు కాదు, మనమే.

అందుకే మన డిమాండ్లు ఇవి. ఊరూరా సిమెంటు కల్లాలు, టార్పాలిన్లు ఇవ్వాలి. ఉపాధి హామీ నిధులతో తెలంగాణలో కల్లాలు కడితే ఆ డబ్బు తిరిగి కట్టమని 2022లో కేంద్రం అడిగింది. కల్లం కట్టడానికి డబ్బివ్వకుండా రోడ్డెక్కిన రైతు మీద కేసు పెట్టడం న్యాయం కాదు. రహదారుల పక్క పొలాల్లో సీసం, కాడ్మియం పరీక్షలు ఉచితంగా చేయాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు చెట్ల వరుసకు కూడా భూమి సేకరించి పరిహారం ఇవ్వాలి.

ఈలోగా మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. రోడ్డు అంచు మడుల్లో పాలకూర, తోటకూర, కొత్తిమీర, పశువుల మేత వేయవద్దు. అక్కడ బంతి లాంటి పూలు వేద్దాం, గట్టున గుబురుగా కంచె పెంచుదాం. ఆకుకూరలు పారే నీళ్లలో కడిగితే పైన పడ్డ దుమ్ము చాలావరకు పోతుంది. వేరు పీల్చుకున్న కాడ్మియం మాత్రం పోదు. పులుపు నేలల్లో దాన్ని మొక్క ఎక్కువ పీలుస్తుంది కాబట్టి పరీక్ష చూసుకుని సున్నం, పశువుల ఎరువు వేయాలి. గింజలు తిరగేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. సన్న దుమ్మును గుడ్డ పూర్తిగా ఆపలేదు, రోడ్డు నుంచి దూరంగా ఉండే కల్లమే అసలు రక్షణ.

ప్రతి గ్రామ శాఖా తన ఊళ్లో ఎన్ని ఎకరాల పంట రోడ్డు మీద ఆరుతోందో, ఎన్ని కల్లాలు కావాలో ఈ నెలలోనే లెక్క రాయాలి. ఆ కాగితం పట్టుకుని అందరం కలిసి మండల కార్యాలయానికి వెళదాం.