మతియు మఱపును



మన భాషలో 'మతి' యను మాట బుద్ధికిని, జ్ఞాపకమునకును గూడ చెల్లుచున్నది. బుద్ధి లేనివానిని మతిలేనివాడందుము. జ్ఞాపకము తప్పినవానికి మతిమఱపు గలదందుము. ఈ రెండును ఒకటియే యను భ్రమతో నేను బడిలో ఎందఱో పిల్లలను చిన్నబుచ్చితిని. పాఠము ఒప్పచెప్పలేనివాడు మందబుద్ధి యని నా నిశ్చయము. ఆ నిశ్చయమును చెదరగొట్టినది బ్రెండా మిల్నరను విదుషి చేసిన కృషి. దానిని నేడు మీకు మనవి చేసెదను.

ఆమె 1918వ సంవత్సరమున ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున జన్మించెను. 1936లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితము చదువుటకు చేరి, పిమ్మట మనశ్శాస్త్రమునకు మరలెను. 1944లో కెనడా దేశమునకు వెడలి, మాంట్రియలు నగరమున డొనాల్డు హెబ్బను పండితునికి శిష్యురాలై, 1952లో డాక్టరు పట్టమును పొందెను. ఆ నగరముననే వైల్డరు పెన్‌ఫీల్డను శస్త్రవైద్యుడు మూర్ఛరోగులకు మెదడులో రోగమూలమైన భాగమును తొలగించి చికిత్స చేయుచుండెను. ఆ రోగుల మనశ్శక్తులను పరీక్షించుట మిల్నరు పని. చికిత్స పిమ్మట వారిలో ఇద్దఱికి క్రొత్త సంగతులు మనస్సున నిలువకుండుట ఆమె కనుగొనెను. ఈ వార్త విని, అమెరికాలోని హార్టుఫర్డు నగరమునుండి విలియము స్కోవిలను శస్త్రవైద్యుడు తన రోగికిని అట్టి దురవస్థయే కలిగినదని తెలిపెను.

ఆ రోగి హెన్రీ మోలైసన్. జీవించియున్నంత కాలము లోకము ఆయనను హెచ్.ఎమ్. అను పొడి అక్షరములతోనే యెఱుగును. 1953లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఆయన మెదడులో ఇరుకణతల లోపలి భాగములను స్కోవిలు తీసివేసెను. అందు హిప్పోకాంపసు అను భాగము చాలవఱకు పోయినది. మూర్ఛలు తగ్గినవి, కాని నాటినుండి జరిగిన దేదియు ఆయనకు జ్ఞాపకముండదయ్యెను. మిల్నరు రాత్రి రైలెక్కి మాంట్రియలునుండి హార్టుఫర్డునకు పోయి ఆయనను పరీక్షించుచుండెను. ఎన్నిమాఱులు పోయినను ఆయనకు ఆమె క్రొత్త మనిషియే.

అయినను బుద్ధి చెడలేదు. 1955లో జరిగిన పరీక్షలో ఆయన బుద్ధి 112గా తేలెను. సామాన్యమానము 100 మాత్రమే. ఒకనాడు 584 అను సంఖ్యను గుర్తుంచుకొమ్మనగా పావుగంటసేపు నిలుపుకొనెను. ఉపాయమేమని యడుగగా, అంకెల మొత్తము 17, అందు 8 తీసివేసిన 9, దానిని రెండుగా విభజించిన 5, 4 యని విప్పి చెప్పెను. మనస్సు వేఱొకవైపు మరలిన కొలదిసేపటికే సంఖ్యయే గాక, తన్నొక సంఖ్యను గుర్తుంచుకొమ్మన్న సంగతియు మఱచెను.

పిదప మిల్నరు వేఱొక పరీక్ష పెట్టెను. కాగితముపై జంటగీతలతో నక్షత్రము గీయబడియుండును. చేతిని నేరుగా చూడక, అద్దములో మాత్రమే చూచుచు, ఆ గీతల నడుమ పెన్సిలును నడపవలెను. ఎవరికైనను మొదట చేయి తడబడును. మోలైసన్ మూడు దినములు, దినమునకు పదిమాఱులు అభ్యసించి, చక్కగా నేర్చెను. కాని ప్రతిదినమును ఆ పని తనకు క్రొత్తదనియే తలచుచుండెను. మనస్సు మఱచినను చేయి మఱవలేదు! జ్ఞాపకము ఒక్కటి కాదనియు, సంగతులను నిలుపునది వేఱు, పనితనమును నిలుపునది వేఱనియు దీనివలన తేలెను.

ఈ సత్యము పలుశాస్త్రములకు దారి చూపెను. మిల్నరు, స్కోవిలు 1957లో ప్రకటించిన వ్యాసము, ఇరువైపుల హిప్పోకాంపసును తొలగింపరాదని శస్త్రవైద్యులను హెచ్చరించెను. మనశ్శాస్త్రజ్ఞులు జ్ఞాపకమును పలువిధములుగా విభజించి పరిశోధింప సాగిరి. ఎరిక్ కాండెలను వైద్యుడు ఈ పనివలన ప్రేరితుడై హిప్పోకాంపసులోని కణములను, ఆ పిమ్మట సముద్రపునత్త అభ్యాసమును పరిశీలించి, 2000లో నోబెలు బహుమానమును పంచుకొనెను. మఱపురోగులకు మాటలతోగాక అలవాటుతో పని నేర్పవచ్చునను ఆశ వైద్యులకు కలిగెను.

మోలైసన్ అర్ధశతాబ్దముపైగా పరీక్షలకు ఓర్పుతో లోబడి, 2008లో మరణించెను. తనవలన లోకమేమి నేర్చినదో గుర్తుంచుకొను భాగ్యము ఆయనకు లేదు. మిల్నరునకు 2014లో కావ్లి బహుమానము లభించెను. 2018లో నూఱేండ్లు నిండెను. ఆమె కీర్తియందు ఆయనకును భాగము కలదని నా మనవి.

పెద్దలారా! మన యిండ్లలో కొందఱు వృద్ధులు పూటక్రితము తిన్న యన్నమును మఱతురు, అడిగినదే అడుగుదురు. వారిని మతిలేనివారని కసరకుడు. అట్టి మఱపురోగములలో మిక్కిలి సామాన్యమైన ఆల్జైమరు వ్యాధి తొలుత చెఱచునది హిప్పోకాంపసు ప్రాంతమునే. మఱచినవానికి మరల చెప్పుట మనకు శ్రమ. కాని వానికి ప్రతిమాఱును అది తొలిప్రశ్నయే. ఆ చేతులకు అలవాటైన చిన్నపనిని అప్పగించి చూడుడు. మనస్సు విడిచినను చేయి పట్టుకొనియుండవచ్చును. నేను బడిలో తెలియక చేసిన తప్పును మీరు ఇంటిలో తెలిసి చేయకుందురుగాక!