జ్ఞాపకం కూడా హక్కే

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడు నేను లిథువేనియా రాజధాని విల్నియస్ వెళ్ళి వచ్చాను. మా అమ్మాయి అక్కడ చదువుకుంటోంది. అక్కడ ఏం చూశావో చెప్పమని మీరు అడిగారు. మంచు గురించో చర్చిల గురించో చెప్పి కూర్చోవచ్చు. కానీ అక్కడ చూసినవన్నీ నాకు శామీర్‌పేట దగ్గరి మా ఊరినీ మా అవ్వనూ గుర్తుచేశాయి. అందుకని రెంటి గురించీ మాట్లాడతాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. నేను సోవియట్ పుస్తకాలు చదువుతూ పెరిగాను. మా నాన్న కార్మిక సంఘంలో పనిచేశాడు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల బండి వచ్చినప్పుడల్లా మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు. రంగురంగుల బొమ్మలు, గట్టి అట్టలు, రెండు మూడు రూపాయల ధర. గోర్కీ 'అమ్మ' మా ఇంట్లో అరిగిపోయేదాకా చదివాం. ఆడవాళ్ళు డాక్టర్లూ ఇంజనీర్లూ అయిన దేశం అని మాకు చెప్పేవాడు. అది అబద్ధం కాదు. కానీ ఆ దేశంలో కలిపేసిన మూడు చిన్న దేశాల ఆడవాళ్ళకు ఏం జరిగిందో మాత్రం ఆ పుస్తకాల్లో లేదు. అడగాలని మాకూ తోచలేదు.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1939 ఆగస్టు 23న హిట్లర్ ప్రభుత్వమూ స్టాలిన్ ప్రభుత్వమూ ఒక ఒప్పందం చేసుకున్నాయి. అందులోని రహస్య భాగంలో తూర్పు యూరప్‌ను పంచుకున్నాయి. 1940 జూన్‌లో సోవియట్ సైన్యం లిథువేనియా, లాట్వియా, ఎస్టోనియాల్లోకి వచ్చింది. మరుసటి ఏడు జూన్ 14న వేలాది కుటుంబాలను రాత్రికి రాత్రి రైలు పెట్టెల్లో ఎక్కించి సైబీరియాకు పంపారు. మగవాళ్ళను స్టేషన్‌లోనే వేరుచేశారు. వారం దాటగానే నాజీలు వచ్చారు. 1944లో సోవియట్ సైన్యం మళ్ళీ వచ్చింది. 1949 మార్చిలో మూడు దేశాల నుంచి కలిపి 90 వేలకు పైగా మనుషులను తరలించారు. వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళూ పిల్లలే. మగవాళ్ళు కొందరు ముందే జైళ్ళలో ఉన్నారు, కొందరు అడవుల్లో దాక్కుని పోరాడుతున్నారు. ఇళ్ళలో దొరికింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు.

విల్నియస్ నడిబొడ్డున ఒక పెద్ద రాతి భవనం ఉంది. జారు చక్రవర్తుల కాలంలో కోర్టుగా కట్టారు. తర్వాత నాజీల గెస్టపో, ఆ తర్వాత సోవియట్ రహస్య పోలీసులు అందులో కూర్చున్నారు. కింద నేలమాళిగలో జైలు. 1992 నుంచి అది మ్యూజియం. నిద్రపోనివ్వకుండా చన్నీళ్ళ మధ్య చిన్న దిమ్మ మీద నిలబెట్టే గది చూశాను. వెయ్యి మందికి పైగా మనుషులను చంపిన గది చూశాను. ఆ భవనం బయటి గోడ రాళ్ళ మీద చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కారు. దారిన పోయేవాళ్ళు చదువుకుంటూ పోతారు.

అక్కడ నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది దాలియా గ్రింకెవిచ్యూతె అనే ఆమె కథ. 1941 జూన్ 14న తల్లితో, అన్నతో కలిసి ఆమెను రైలెక్కించినప్పుడు వయసు 14 ఏళ్ళు. తండ్రిని వేరే శిబిరానికి పంపారు. ఆయన అక్కడే చనిపోయాడు. మిగిలిన కుటుంబాన్ని మరుసటి ఏడు ఉత్తర ధ్రువ సముద్రం ఒడ్డున ఒక దీవిలో చేపల పనికి దించారు. చలికి, ఆకలికి, రోగానికి ఎందరో చనిపోయారు. 1949లో తల్లీ కూతురూ తప్పించుకుని సొంత ఊరు కౌనస్ చేరారు. దొంగతనంగా బతికారు. సొంత నేల మీద చనిపోవాలని తల్లి కోరిక. ఆమె చనిపోయింది. అయితే పాతిపెట్టడం ఎలా? అనుమతి అడిగితే కూతురు దొరికిపోతుంది. ఇంటి నేలమాళిగలోనే తల్లికి గొయ్యి తవ్వింది.

ఆ రోజుల్లోనే దాలియా తాను చూసిందంతా విడి కాగితాల మీద రాసింది. ఆ కాగితాలను గాజు సీసాలో పెట్టి తోటలో పూడ్చింది. తర్వాత ఆమెను అరెస్టు చేశారు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి వెతికితే సీసా దొరకలేదు. ఆమె వైద్యం చదివి పల్లెటూళ్ళో డాక్టరుగా పనిచేసింది. జ్ఞాపకం నుంచి మళ్ళీ రాసింది. వేధింపులు పడింది. 1987లో చనిపోయింది. 1991లో, దేశం విడుదలైన ఏడు, ఆ సీసా తోటలో బయటపడింది.

ఈ కథ చదివాక నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె కథలను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఏ సీసాలోనూ దాచలేదు.

అక్కడ జరిగిందీ ఇక్కడ జరిగిందీ ఒకటే అని నేను అనడం లేదు. అక్కడ బయటి రాజ్యం వచ్చి ఆక్రమించింది. ఇక్కడ నిజాం రాజ్యం తరతరాలుగా ఉంది. ఈ మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుల కోసం పక్కన పెట్టుకున్న భూముల జిల్లా అది. ఊళ్ళలో మాత్రం జనానికి కనిపించే రాజ్యం దొర, పటేలు, పట్వారీ. తెలంగాణ అంతటా ఉన్న వెట్టి మా అవ్వకూ తెలుసు. "బిడ్డ పాలకు ఏడుస్తుంటే చెట్టు కింద పండబెట్టి దొరోళ్ళ వడ్లు దంచినం బిడ్డా, రొమ్ములు సలుపుతుంటే ఒక్క దంపు ఆపనియ్యలే" అనేది. ఇది చెప్పేటప్పుడు ఆమె ఏడ్చేది కాదు. చేటలో బియ్యం ఏరుతూ చెప్పేది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ విరగడైంది. బైరాన్‌పల్లి వంటి ఊళ్ళు అంతకు ముందు నెలలోనే ఎంత నెత్తురు చూశాయో మనకు తెలుసు. ఆ పీడ పోయినందుకు మా అవ్వా సంతోషించింది. కానీ ఆ దినాల గురించే ఆమె ఇంకో కథ చెప్పేది. అది ఇంట్లోవాళ్ళకు మాత్రమే, అదీ గొంతు తగ్గించి.

ఊళ్ళో గాజులమ్మే సాయిబు ఒకాయన ఉండేవాడు. పోలీసు యాక్షన్ అయిన రెండో రోజో మూడో రోజో ఆయన భార్య ఇద్దరు పిల్లలతో రాత్రిపూట మా అవ్వ దగ్గరికి వచ్చింది. ఏదో జరుగుతుందని భయం. మా అవ్వ వాళ్ళను కొట్టంలో గడ్డి వెనక దాచింది. తాత వద్దన్నాడు. "నా పెండ్లికి గాజులు తొడిగిన చెయ్యి అది, ఎట్ల వెళ్ళగొడ్త?" అన్నదట. నాలుగు రోజులు సంకటి పెట్టింది. ఐదో రోజు తెల్లారేసరికి వాళ్ళు లేరు. ఎక్కడికి పోయారో, బతికారో లేదో తెలియదు. చనిపోయేదాకా మా అవ్వ ఆమెను 'చెల్లె' అనే చెప్పుకుంది.

ఆ భయం ఉత్తది కాదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం 1948 చివరలో హైదరాబాద్ రాజ్యంలో తిరిగి నివేదిక ఇచ్చింది. పోలీసు యాక్షన్ సమయంలోనూ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. స్త్రీలపై అత్యాచారాలూ, ఎత్తుకుపోవడాలూ నమోదు చేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013లో గానీ దాని సంగతి లోకానికి బాగా తెలియలేదు. ఆ సైన్యమే 1951 దాకా రైతుల పోరాటాన్ని అణచింది. చనిపోయిన కమ్యూనిస్టులూ రైతు యోధులూ నాలుగు వేల మంది అని సుందరయ్య గారు రాశారు.

ఇప్పుడు ప్రతి సెప్టెంబరు 17కీ మనకు కొట్లాటే. ఒకరు విమోచనం అంటారు. ఒకరు విలీనం అంటారు. ఇంకొకరు విద్రోహం అంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక పేరుతో, రాష్ట్ర ప్రభుత్వం ఇంకో పేరుతో జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. జెండా ఎగురుతుంది, ఉపన్యాసం అవుతుంది, మిఠాయి పంచుతారు. మా అవ్వ 90 ఏళ్ళు బతికింది. వాకిట్లో కూర్చుని ఆ మైకులన్నీ విన్నది. ఒక్కరు కూడా "అవ్వా, ఆ రోజు నువ్వేం చూశావు?" అని అడగలేదు. అడిగితే ఆమె చెప్పే కథ ఏ పేరులోనూ ఇమడదు. దొర పీడా చెబుతుంది, రజాకార్ల భయమూ చెబుతుంది, గాజుల చెల్లె సంగతీ చెబుతుంది.

ఇది మన దగ్గరే కాదు. విల్నియస్ మ్యూజియం సంగతీ అంతే. దానికి మొదట 'నరమేధ బాధితుల మ్యూజియం' అని పేరు. కానీ విల్నియస్ పక్కనే పనేరియై అడవిలో 1941 నుంచి 1944 వరకు నాజీలు, వాళ్ళతో చేతులు కలిపిన స్థానికులు సుమారు 70 వేల మంది యూదులను కాల్చి చంపారు. ఆ మ్యూజియంలో వాళ్ళకు చాలా కాలం ఒక్క గది కూడా లేదు. విమర్శలు వచ్చాక 2011లో ఒక గది పెట్టారు. 2018లో మ్యూజియం పేరు మార్చారు. తమ బాధను చెప్పుకోవడానికి అంత పోరాడిన జాతికి కూడా, తమవాళ్ళు ఇతరులకు పెట్టిన బాధను చెప్పడం కష్టమైంది.

తిరిగొచ్చాక ఇవన్నీ మా నాన్నతో చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "అదంతా శత్రువుల ప్రచారం, నాజీలను ఓడించిందెవరు?" అన్నాడు. ఎర్రసైన్యమే ఓడించింది. అది నిజం. ఆ తర్వాత పసిపిల్లలతో తల్లులను రైలెక్కించిందీ నిజం. ఒక నిజం కోసం ఇంకొక నిజాన్ని దాచనక్కరలేదు. ఆ రహస్య ఒప్పందాన్ని 1989 డిసెంబరులో సోవియట్ ప్రజాప్రతినిధుల సభే ఖండించింది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు దాలియా సీసా కథ మళ్ళీ చెప్పమన్నాడు.

స్త్రీల ఉద్యమానికి ఇది కొత్త పాఠం కాదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ ధైర్యం గురించే చెప్పలేదు. పోరాటం ఆగిపోయాక ఇంటికి పొమ్మన్న సంగతీ చెప్పారు. అడవిలో బిడ్డను వదులుకోవలసి వచ్చిన సంగతీ చెప్పారు. అది విని ఇబ్బంది పడినవాళ్ళు ఉండవచ్చు. కానీ ఆ మాటలు లేకపోతే మనకు ఆ చరిత్ర సగమే తెలిసేది. బాధ పడిన మనిషి మన రాజకీయాలకు సరిపోయినప్పుడే వింటాం, లేకపోతే వినం అంటే, మనం ఆమె హక్కు కోసం నిలబడడం లేదు, మన వాదన కోసం ఆమెను వాడుకుంటున్నాం.

2010లో ఐక్యరాజ్యసమితి మార్చి 24ను నిజం తెలుసుకునే హక్కు దినంగా ప్రకటించింది. నిజం చెప్పుకునే హక్కు కూడా దానిలో భాగమే అని నేను అనుకుంటాను. 1989 ఆగస్టు 23న, ఆ రహస్య ఒప్పందానికి 50 ఏళ్ళయిన రోజున, విల్నియస్ నుంచి రీగా మీదుగా టాలిన్ దాకా 600 కిలోమీటర్ల పొడవున లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఆ గొలుసుకు ఇళ్ళల్లో గొంతు తగ్గించి చెప్పుకున్న కథలే బలం. అమ్మమ్మలు చెప్పకపోయి ఉంటే మనవరాళ్ళకు ఎందుకు నిలబడాలో తెలిసేది కాదు.

మన సంగతి చూద్దాం. 1948లో పదేళ్ళ పిల్లకు ఇప్పుడు 85 దాటాయి. మన ఊళ్ళు ఎలా మారిపోయాయో చూస్తూనే ఉన్నారు. పొలాలు ప్లాట్లయ్యాయి. శామీర్‌పేట చెరువు చుట్టూ రిసార్టులు వచ్చాయి. రేపు ఆ ముసలివాళ్ళు కూడా ఉండరు.

అందుకే మూడు పనులు మీ ముందు పెడుతున్నాను. ఒకటి, ప్రతి ఊళ్ళో మన సంఘం సభ్యులు ఇద్దరేసి 80 దాటిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. హిందువులు, ముస్లింలు, దళితులు, లంబాడీలు అందరి ఇళ్ళకూ. రెండు, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాయాలి. దిద్దవద్దు, మనకు నచ్చనిది కొట్టెయ్యవద్దు. పేరు వద్దంటే పేరు రాయవద్దు. మూడు, రాసింది ముందు ఆమెకే చదివి వినిపించాలి, ఒక ప్రతి ఆ ఇంట్లోనే ఉంచాలి.

మా అవ్వ విషయంలో నేను ఆలస్యం చేశాను. విన్నాను గానీ రాయలేదు. గాజుల చెల్లె అసలు పేరేమిటని కూడా అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. మీ ఇళ్ళల్లో ఇంకా ఉన్నవాళ్ళను ఈ సాయంత్రమే అడగండి. సెలవు.