మోకాలి పైన తొడ ఎముక విరిగితే
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో ఎముకల వైద్యుల ప్రసంగ పాఠం)



పేడ, మూత్రంతో జారుడుగా ఉన్న కొట్టంలో పడినా, పలుపు చేతికి చుట్టుకుని గేదె ఈడ్చుకుపోయినా, పాల క్యాన్లతో బండి బోల్తా పడినా తొడ ఎముక మోకాలికి కాస్త పైన విరగవచ్చు. ఎముకలు గుల్లబారిన పెద్ద వయసు స్త్రీలకు చిన్నగా జారినా చాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పిక్క కండరం విరిగిన కింది ముక్కను వెనక్కు లాగుతుంది. ఆ వెనుకనే కాలికి నెత్తురు తీసుకుపోయే పెద్ద నాళం ఉన్నది. అందుచేత కాలు లాగడం, మర్దన చేయడం ప్రమాదకరం. పైన వేసే కట్టు ఈ ముక్కలను చక్కగా నిలిపి ఉంచలేదు.

పూర్వం కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి మంచాన ఉంచేవారు. ఎముక అతికినా మోకాలు బిగుసుకుపోయేది. ముసలివారికి వీపున పుండ్లు పడేవి. 1940 ప్రాంతంలో జర్మనీలో గెర్హార్డ్ కుంచర్ అనే వైద్యుడు ఎముక లోపలి బోలులోకి లోహపు కడ్డీ దించే పద్ధతి తెచ్చారు. మోకాలి దగ్గరి విరుపులకు నేడు చిప్ప కింద చిన్న కోత పెట్టి, ఎక్స్‌రే తెరపై చూస్తూ, కడ్డీని కింది నుంచి పైకి ఎక్కిస్తాము. రెండు చివరలా అడ్డంగా మరలు బిగిస్తాము. కీలు బాగా నుగ్గయితే ప్లేటు వేయవలసి రావచ్చు.

కడ్డీ వేస్తే కాలు వంగదని కొందరి భయం. కడ్డీ ఎముక లోపలే ఉంటుంది. కదపకుండా ఉంచితేనే మోకాలు బిగుస్తుంది. అందుకే కొద్ది రోజులకే వంచడం నేర్పుతాము. ఎముక అతకడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. ఎప్పుడు, ఎంత బరువు మోపాలో వైద్యుడు చెప్పినట్లే నడవాలి. బీడీ, చుట్ట మానాలి. షుగరు అదుపులో ఉంచుకోవాలి.

దెబ్బ తగిలిన వెంటనే:

1. కాలు ఉన్న తీరుననే తుంటి నుంచి మడమ దాకా చెక్క ఆనించి, గుడ్డలతో కదలకుండా, అయితే మరీ బిగించకుండా కట్టండి.
2. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి.
3. 108కి ఫోను చేయండి. పాదం చల్లబడినా, పాలిపోయినా ఒక్క గంట కూడా ఆలస్యం వద్దు.

"ఈ పూట పాలు పోసి పోదాం" అని ఆగే ఇళ్ళు ఉన్నాయి. ఆ పూట పాలు పొరుగువారు పితికి కేంద్రంలో పోయగలరు. సంఘంలో కలిసి ఉన్నందుకు అంతమాత్రం సాయం చేసుకోలేమా? కాలు మాత్రం ఆగదు.