పరప్రాంతమున తెలుగు కలము పట్టిన అచ్చమాంబగారు

(మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



స్త్రీలు చేసిన సాహిత్యసేవను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము వర్తకులము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తక్కెడ పట్టినవారము, పండితులము గాము. అయినను ఒక తెలుగు వనితను గూర్చి మన వారందఱకును చెప్పవలెనని చాలకాలముగా మాకొక కోరిక గలదు. ఆమె తెలుగునాట జన్మించి, తెలుగునాటికి వెలుపల కాపురము చేసిరి. చుట్టును పరభాషలు వినబడుచుండగా తెలుగులో గ్రంథములు వ్రాసిరి. ఆమెయే భండారు అచ్చమాంబగారు.

మనము కోయంబత్తూరులోను, మదురలోను నిన్న మొన్న వచ్చినవారము గాము. 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మదురను ఏలనారంభించుటకు ముందును, తరువాతను మన పూర్వులు కొందఱు కొలువునకై, కొందఱు వ్యవసాయమునకై, కొందఱు మగ్గమునకై ఈ సీమకు వచ్చిరి. కోయంబత్తూరు ప్రాంతపు నల్లరేగడిలో ప్రత్తి పండించినవారిలోను, మదుర వీధులలో వర్తకము చేసినవారిలోను మనవారు గలరు. 1689 మొదలు 1706 వఱకు మదుర రాజ్యమును నడపిన రాణి మంగమ్మ పేర సత్రము రైలుస్టేషను ఎదుట నేటికిని నిలిచియున్నది. రాజ్యమేలిన స్త్రీని ఎఱిగిన జనము మనము. కాని కలము పట్టిన స్త్రీని మనలో ఎందఱెఱుగుదురు?

అచ్చమాంబగారు 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిరి. చిన్ననాడే తండ్రి గతించెను. పదియేండ్ల ప్రాయమున మేనమామ వరుసయగు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగము చేయుచుండిరి. కావున ఆమె కాపురము నాగపురము మొదలగు తావులలో సాగినది. తల్లియు, తమ్ముడును ఆమె యొద్దనే యుండిరి. ఆ తమ్ముడే విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని కీర్తి గడించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

ఆమెకు బడికి పోవు భాగ్యము లేదు. తమ్ముడు చదువుకొనునపుడు ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చుకొనిరి. తెలుగుతో ఆగక హిందీ, మరాఠీ నేర్చిరి. ఇంగ్లీషు, సంస్కృతము, వంగభాషలతోను పరిచయము సంపాదించిరి. ఇచట మనము గమనింపవలసిన దొకటి గలదు. పరప్రాంతమున నున్నందువలన ఆమెకు తెలుగు తగ్గలేదు. ఇతర భాషలు కలిసివచ్చినవి. ఆ భాషలలోని చరిత్రలను చదివి, అందలి సారమును తెలుగు స్త్రీల చేతికి అందించిరి. వర్తకుల మాటలో చెప్పవలెనన్నచో, దూరదేశపు సరకు తెచ్చి సొంత ఊరి సంతలో పెట్టినట్లు చేసిరి.

ఆమె జీవితమున సుఖమే యుండెనని తలంపరాదు. కన్న బిడ్డలిద్దఱును చిన్నతనముననే పోయిరి. ఆ దుఃఖములో మునిగి కూర్చుండక, ఆమె పరుల బిడ్డలను చేరదీసి పెంచిరి, చదువు చెప్పిరి.

1901లో ఆమె వ్రాసిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగము వెలువడెను. అందు మన దేశ చరిత్రలో పేరుగన్న స్త్రీల జీవితములు గలవు. రెండవ భాగమున వేదపురాణ కాలపు స్త్రీలను, మూడవ భాగమున ఇతర దేశముల స్త్రీలను గూర్చి వ్రాయవలెనని ఆమె సంకల్పము. ఆ గ్రంథమును ఎందులకు వ్రాసిరో ఆమెయే చెప్పిరి. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు అనుట అబద్ధమని చూపుటకును, చదువుకొన్న స్త్రీలు చెడిపోవుదురను మాట తప్పని చూపుటకును వ్రాసిరి. ఈ పనికి ఆమె కోపమును గాని పరిహాసమును గాని ఆశ్రయింపలేదు. ఒకరి తరువాత నొకరిగా స్త్రీల చరిత్రలను ముందు పెట్టి, లెక్క మీరే చూచుకొనుడన్నట్లు ఊరకుండిరి. చిట్టాలో పద్దులు సరిగా నున్నచోట వాదముతో పనియేమి?

ఏలూరు నుండి 1902లో వెలువడనారంభించిన ‘హిందూసుందరి’ యను స్త్రీల పత్రికలో ఆమె కథలు వ్రాసిరి. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అచ్చమాంబగారి కథలు అంతకు ముందటివి. తెలుగులో తొలి కథ యేదను చర్చ పండితులలో నున్నది. అది వారికి విడిచెదము. ఆ కథలలో రెంటిని మాత్రము చెప్పెదము.

ఒకటి ‘స్త్రీవిద్య’. ఇది ఆలుమగల సంభాషణముగా నడచును. భర్త చెఱసాలకు పోవలసినవాడు. తాను దూరమున నున్నపుడు ఉత్తరములు వ్రాసికొనుటకైనను చదువు నేర్వుమని భార్యను కోరును. మన ముందుతరములలో పనికై సింహళమునకును, బర్మాకును పోయినవారి యిండ్ల వారికి ఈ కథ వేఱుగా విప్పి చెప్పనక్కఱలేదు. వచ్చిన ఉత్తరమును చదివించుకొనుటకు ప్రక్కింటివారి గడప త్రొక్కిన స్త్రీకి తన సంసారములోని రహస్యము తనది గాక పోయెను.

రెండవది ‘ధనత్రయోదశి’. ఇది వర్తకులు తప్పక చదువవలసిన కథ. ఒక బీద గుమాస్తా దీపావళి పండుగనాట ఇంటిలో లేమి చూడలేక యజమాని సొమ్మునకు ఆశపడును. భార్య ఆ సొమ్మును ముట్టదు. పస్తుండుట మేలు గాని పరుల సొమ్ము వద్దని చెప్పి, భర్తను తప్పుదారి నుండి మరల్చును. మేము పెక్కేండ్లుగా అంగడి నడపుచున్నాము. నమ్మకమగు గుమాస్తా వెనుక నమ్మకమగు ఇల్లాలుండుట పలుమాఱులు చూచినాము. యజమాని పేరేటిలో ఆమె పేరుండదు. అయినను అంగడి నిలుచునది ఆమె మాట మీదనే.

ఇచట సముద్రముల కావలి మఱియొక స్త్రీని తలచుకొందము. పోలండు దేశపు నవలాకర్త్రి ఎలీజా ఒజెష్కోవా 1841లో గ్రోద్నో పట్టణ ప్రాంతమున పుట్టిరి. పదునాఱేండ్ల వయసున తనకంటె చాల పెద్దవానికి భార్యయైరి. పోలండు నాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. 1863లో పోలులు తిరుగబడి ఓడిపోయిరి. భర్తను సైబీరియాకు పంపిరి, ఆస్తి జప్తయ్యెను. ఆమె ప్రాంతమున బడులలోను, కచేరీలలోను పోలిషు భాషను నిషేధించిరి. ఆమె విల్నా నగరమున 1879లో పుస్తకముల అంగడియు, ప్రచురణాలయమును పెట్టగా, 1882లో ప్రభుత్వము దానిని మూయించెను. అయినను ఆమె గ్రోద్నోలోనే యుండి 1910లో మరణించువఱకు తన భాషలోనే వ్రాసిరి. 1905లో నోబెలు బహుమానమునకు ఆమె పేరు ప్రతిపాదింపబడెను.

ఆమె 1873లో వ్రాసిన ‘మార్తా’ యను నవల కథ యిది. వార్సా నగరమున ఒక యువతి విధవయగును. చేతిలో చిన్న కూతురు. ఆమె సోమరి కాదు, చెడ్డది కాదు. పాఠములు చెప్పబోవును, చిత్రములు వ్రాయబోవును, కుట్టుపని చేయబోవును. ఏ పనియు ఆమెకు పూర్తిగా నేర్పినవారు లేరు. పెండ్లికి పనికివచ్చునంత చదువు మాత్రమే నేర్పిరి. ప్రతి గడపలోను అదే మాట: నీకు ఈ పని చాలినంత రాదు. తుదకు ఆకలిచే సొమ్ము దొంగిలించి, పరుగెత్తుచు బండి క్రింద పడి చనిపోవును. ఎస్పెరాంతో భాషను కల్పించిన జామెన్‌హోఫు గారే ఈ నవలను ఆ భాషలోనికి మార్చిరి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెంటను బీదతనమే, రెంటను పరుల సొమ్మే. అచ్చమాంబగారి కథలో ఇల్లాలి గుణము సంసారమును కాపాడినది. పోలండు కథలో గుణవతియైన స్త్రీయే, చేతిలో విద్య లేనందున, దొంగ యగుచున్నది. గుణము స్త్రీకి తల్లి యిచ్చును. విద్య యెవరు ఇయ్యవలెను? తండ్రి యియ్యవలెను, సంఘము ఇయ్యవలెను. “మా ఆడపిల్లలు గుణవంతులు, వారికింక నేమి కావలెను?” అను పెద్దలకు ‘మార్తా’ కథయే సమాధానము.

ఇది పరదేశపు ముచ్చట యనుకొనకుడు. మాకు తెలిసిన ఒక యింట యజమాని అకస్మాత్తుగా గతించెను. అంగడి బాకీలు, బ్యాంకు కాగితములు భార్యకు చదువ వీలుకాలేదు. బంధువులు చెప్పినదే లెక్కయయ్యెను. రెండేండ్లలో అంగడి చేతులు మాఱెను. ఆమె నేడు తన మామగారు కట్టించిన యింటనే ఒక గదికి అద్దె యిచ్చుచున్నది. ఆ యింట మగపిల్లల చదువునకు ధనము లోటుండలేదు. ఆడపిల్లల చదువు మాత్రము పెండ్లిమాటలతోనే ఆగెను.

ఇక తెలుగు మాట. పోలులకు భాషను రాజు నిషేధించెను. మనకు ఎవరును నిషేధింపలేదు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష; దానిని చక్కగా నేర్చుట మన ధర్మము. 2006లో తమిళనాడు చేసిన చట్టముచే తమిళము పదవ తరగతి వఱకు క్రమక్రమముగా తప్పనిసరి పాఠమైనది. అందువలన తెలుగు నేర్పు బరువు ఇంటిపై మఱింత పడినది. ఇంటిలో ఆ బరువు మోయునది యెవరు? తల్లియే. మన పిల్లలు తెలుగు మాటలాడుచున్నారన్నచో అది అమ్మల, అవ్వల పుణ్యమే. కాని తల్లికి అక్షరము రానిచో బిడ్డకు మాట వచ్చును గాని చదువు రాదు. మాట మాత్రమే మిగిలిన భాష తరమునకు కొంత కొంత తఱిగిపోవును. మన తాతల చిట్టాలు తెలుగు లిపిలో నున్నవి. వానిని విప్పి చదువగలవారు ఇంటికొకరైనను లేరు.

అచ్చమాంబగారు వ్రాతతో ఆగలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. ఊరూర తిరిగి స్త్రీలను సమాజములుగా కూర్చిరి. ముప్పదేండ్ల ప్రాయమున, 1905 జనవరి 18వ తేదీన, బిలాసపురమున కన్నుమూసిరి. ముప్పదేండ్లలో ఒక స్త్రీ, బడి ముఖము చూడక, పరప్రాంతమున నుండి ఇంత పని చేయగలిగెను.

కావున ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలను ఉంచుచున్నాము. మొదటిది, మన ఆదివారపు తెలుగు తరగతి పిల్లలకు మాత్రమే గాక తల్లులకును జరుగవలెను. వారికి నేర్పువారు స్త్రీలే కావలెను. రెండవది, మన విద్యానిధి నుండి ఇచ్చు సహాయములో సగము ఆడపిల్లల పై చదువునకు కేటాయింపవలెను. మూడవది, మన కార్యవర్గమున రాబోవు ఎన్నిక మొదలు ఇద్దఱు స్త్రీలైనను కూర్చుండవలెను. మూడవ దానికి కొందఱు పెద్దలు సమ్మతింపలేదని మేమెఱుగుదుము. స్త్రీలకు ఇంటిపనియే చాలునని వారి వాదము. వారితో మాకు విరోధము లేదు. కాని భాషను నిలుపు పని ఇంటిపనియే యైనచో, ఆ పని చేయువారిని అడుగకుండ ఆ పనిని గూర్చి తీర్మానములు చేయుట యే న్యాయము? సరకు తెచ్చువానిని అడుగకుండ ధర కట్టు వర్తకుడు ఎన్నాళ్లు నిలుచును?

ఈ మూడు ప్రతిపాదనలును వచ్చు సర్వసభ్య సమావేశమున ఓటునకు రానున్నవి. మగవారు మాత్రము వచ్చి చేతులెత్తి పోవుట ఈ మాఱు వలదు. ప్రతి యింటి నుండి ఇల్లాలును, చదువుకొను కూతురును రావలెను. వారు నోరు విప్పి చెప్పిన మాట మీదనే తీర్పు జరుగవలెనని కోరుచున్నాము.