మెట్ట పద్దు



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను. విశ్వవిద్యాలయాల నుంచి మీ మెట్ట ఊళ్లకు ఏం దక్కిందో, ఆ సంగతే మాట్లాడతాను.

ప్రభుత్వ విశ్వవిద్యాలయం రాష్ట్రానికి ఏం సంపాదించి పెడుతుందని అడిగితే ప్లేస్‌మెంట్ల లెక్క చూపిస్తారు. అబద్ధం కాదు గానీ, అది అసలు లెక్కలో చిన్న ముక్క. వరి సంగతి చూడండి. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం 1937 నాటిది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అక్కడ పుట్టిన నెల్లూరు మసూరిని రైతు పేరు పెట్టి అడగడు. విత్తనాల కొట్టు ముందు నిలబడి దాని నంబరు, 34449 అంటాడు, అంతే. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204, రాష్ట్రం ఎల్లలు ఎప్పుడో దాటిపోయింది. అది పండినచోటల్లా మిల్లరుకు, లారీ యజమానికి, హమాలీకి, కిరాణా కొట్టుకు డబ్బు తెచ్చిపెట్టింది. ఆ డబ్బు విశ్వవిద్యాలయం పద్దులో ఎక్కడా కనపడదు. అందుకే బడ్జెట్ వేళకు యూనివర్సిటీలు ఒట్టి ఖర్చుగా కనిపిస్తాయి. రిటైరైన మాస్టార్ల కుర్చీలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటానికి ఈ చూపే కారణమని నా అనుమానం.

తీరానికి వస్తే, ముత్తుకూరు మత్స్య కళాశాల 1991లో మొదలైంది. ఆ దశాబ్దంలోనే తెల్లమచ్చల వ్యాధి రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టింది. సీడ్‌కు రోగం ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించాకే చెరువులో వదలాలని రైతు నేర్చుకున్నది ఆ దెబ్బతోనే. అలాంటి ల్యాబుల్లో, హేచరీల్లో పనిచేయడానికి చదువుకున్న మనుషులు కావాలి కదా!

ఇక నా ఫిర్యాదు. ఈ ఫలం చాలావరకు పెన్న ఆయకట్టు కిందా, సముద్రం ఒడ్డునా పండింది. సోమశిల జలాశయం నిండిందన్న వార్త దుత్తలూరు బోరుకు చేరదు. మెట్టకు దక్కింది లేకపోలేదు. తొలకరి పచ్చిక తిన్న గొర్రెలు చిటుక రోగంతో పొద్దున్నకల్లా దొడ్డిలో పడిపోతాయి. ముందే టీకా వేయించుకున్న మంద నిలుస్తుంది. ఆ టీకా వేళ చెప్పే డాక్టర్లను తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి తయారుచేస్తోంది. నెల్లూరు జోడిపి గొర్రె మీద బతికే ఇంటికి అదే విశ్వవిద్యాలయం. కానీ వరికి దొరికినంత శ్రద్ధ మన గొర్రెకు, నిమ్మకు, కంది చేనుకు దొరకలేదు.

2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన నెల్లూరు జిల్లా డిగ్రీ విద్యార్థికి యూనివర్సిటీ అంటే తిరుపతి. ఒక సర్టిఫికెట్ పని పడితే బస్సు ఛార్జీ, భోజనం, పనవకపోతే ఆ రాత్రి బస, ఇంట్లో పోయిన కూలి. ఆర్థికశాస్త్రం చదివిన పిల్లలు ఈ లెక్క కూడా వేయండి. యూనివర్సిటీ దగ్గరకొచ్చాక తప్పిన ఆ ఖర్చును మిగులు అనడానికి సంకోచించకండి.

కామర్స్ వాళ్లకు ఒక పని చెబుతాను. వేలం సీజన్‌లో డి.సి. పల్లి పొగాకు వేలం కేంద్రానికి వెళ్లి ఒక పూట నిలబడండి. బేలు విప్పుతారు, ఆకు చూస్తారు, ధర పలుకుతుంది, లేదంటే ఎవరూ పాడక నోబిడ్. నోబిడ్ అయిన బేలును రైతు మళ్లీ కట్టుకుని బండికెత్తుకుంటాడు. ఆ బాడుగ ఎవరి నెత్తిన పడుతుందో, ఎన్ని బేళ్లు అలా తిరిగిపోతాయో, ఏ గ్రేడువో రాసుకోండి. సైన్సు వాళ్లు మీ మండలంలో బోర్ల లోతు, నీటిలో ఫ్లోరైడ్ రాయండి. ఉదయగిరి చెక్క గరిటెలు చేసే ఇళ్లకు వెళ్లి, చెక్క ఎక్కడి నుంచి వస్తోంది, గరిటె ఎంతకు అమ్ముతున్నారు, బజారులో ఎంత పలుకుతోంది అని అడగండి.

ఆ కాగితాలు పట్టుకుని మీ మాస్టార్ల దగ్గరకే రండి. మెట్ట మీద పరిశోధనకు డబ్బు అడగాలంటే వాళ్లకు ముందు ఆ కాగితాలే కావాలి. పట్టా వచ్చాక క్యాంపస్‌కు రాకూడదన్న నిబంధన ఎక్కడా లేదు.